రాళ్లు ఏరిన ఏడాది

మేడిపల్లి,
18 జూన్ 2023

చెల్లె శ్రీవాణికి,

మేము బాగున్నామని రాస్తే అబద్ధం అవుతుంది. బాగాలేమని రాస్తే నువ్వు వెంటనే మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన మొదలుపెడతావు. కాబట్టి ఆ సంగతి వదిలేస్తున్నాను. మీ వదిన తిరుమల బాగుంది. నవ్య పదో తరగతిలోకి వచ్చింది, అత్త లేకుండా లెక్కలు ఎవరు చెప్తారని రోజూ అడుగుతోంది.

సిరిసిల్ల కన్యాస్త్రీల మఠం గేటు దగ్గర నీ ఫోను నా చేతిలో పెట్టి లోపలికి పోయి ఇవాళ్టికి పదిహేడు రోజులు. ఆ ఫోను టీవీ పక్కనే ఉంది. మొన్న జగిత్యాల నుంచి మీ హాస్పిటల్ వాళ్లు చేసి, "సిస్టర్ శ్రీవాణి లేదా?" అని అడిగారు. ఆరేళ్లుగా సిస్టర్‌వే కదా, మళ్లీ సిస్టర్ కావడానికి సిరిసిల్ల దాకా ఎందుకు పోయావో వాళ్లకు నేనేం చెప్పాలి?

నాయన పోయినప్పుడు నువ్వు పదో తరగతి. అమ్మ అంతకు ముందే పోయింది. నేను తాటిచెట్లెక్కి కల్లు గీసి నిన్ను నర్సును చేశానని గొప్పకు చెప్పడం లేదు, ఎవరి చెల్లెకైనా వాళ్ల అన్న చేసే పనే అది. నాలుగేళ్ల కింద నువ్వు బాప్తిస్మం తీసుకున్నానని చెప్పినప్పుడు నేను ఏమన్నాను? "నీ దేవుణ్ని నువ్వు మొక్కు, మా ఎల్లమ్మను మేం మొక్కుతం, అన్నం మాత్రం ఒక్క కాడ తిందాం" అన్నాను. కులపోళ్లు నలుగురు నాలుగు మాటలన్నా నేను ఆ మాట మీదే ఉన్నాను. దేవుడు మారితే సరిపెట్టుకున్నాను వాణీ. ఇల్లు ఎందుకు మారాలి?

కోరుట్ల నుంచి సిరిసిల్లకు బస్సులో రెండు గంటలు. దుబాయికి పోయినవాళ్లు కూడా రోజూ ఫోనులో మొఖం చూపిస్తున్నారు, నువ్వు రెండు గంటల దూరంలో ఉండి కనబడవు. ఉండలేకపోతే ఒక్క మాట రాయి. బండి వేసుకుని అప్పుడే బయలుదేరుతాను.

మీ అన్న
మహేందర్

సిరిసిల్ల,
2 జూలై 2023, ఆదివారం

అన్నకు, వదినకు నమస్కారాలు. నవ్యకు బోలెడు ముద్దులు.

నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత ఏడ్చాను. మాట్లాడేటప్పుడు మన మేడిపల్లి మాట, రాసేటప్పుడు మాత్రం పంతులు గారి భాష. నిన్ను ఇంటర్ దాకా చదివించిన నాయన పుణ్యం.

ముందు ఇక్కడి పద్ధతి చెప్తాను, లేకపోతే నువ్వు కంగారుపడతావు. ఈ ఒక్క ఏడాది శిక్షణ. ఫోను లేదు, ఇంటికి రావడం లేదు. ఆరు నెలలకోసారి ఇంటివాళ్లు వచ్చి చూడవచ్చు. నెలలో మొదటి ఆదివారం ఒక గంటసేపు ఉత్తరం రాసుకోవచ్చు. బెల్లు మోగగానే కలం కింద పెట్టాలి, మాట సగంలో ఉన్నా సరే. ఎంత రాస్తే అంతే పోస్టులో వేస్తారు. శిక్షణలో ఉన్న మా నలుగురినీ చూసుకునేది సిస్టర్ ఆగ్నెస్, గుంటూరు వైపు మనిషి. "రామ్మా, కూర్చోమ్మా" అంటుంటే మొదటి రోజు నాకు వేరే దేశం వచ్చినట్టనిపించింది.

పొద్దున నాలుగున్నరకు లేస్తాం. ప్రార్థన, పూజ, ఊడవడం, చదువు. మధ్యాహ్నం దాకా మౌనం. గోడ అవతల మరమగ్గాలు రోజంతా టకటకమంటూనే ఉంటాయి, మేము మాత్రం నోరు విప్పం.

మఠం వాళ్లకు పక్కనే చిన్న దవాఖానా ఉంది. ఐసీయూలో ఆరేళ్లు చేసినదాన్ని కదా, నన్ను అక్కడ వేస్తారనుకున్నాను. నా చేతికి ఇచ్చింది చాట. హాస్టల్లో నలభై మంది ఆడపిల్లలు తినే బియ్యంలో రాళ్లు ఏరడం నా పని. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట. దవాఖానాలో మనుషులు తక్కువున్నారు కదా అని అడిగితే సిస్టర్, "విధేయత అంటే నచ్చిన పని చేయడం కాదమ్మా" అంది. నాకు కోపం వచ్చింది. వచ్చిందని కూడా చెప్పాను. ఆమె నవ్వి ఇంకో సంచి మూతి విప్పింది.

అన్నా, ఒకటి మాత్రం వదినకు తప్పకుండా చెప్పు. నిజం చెప్పాలంటే ఇక్కడ నాకు ఒక్కరోజు కూడా

మేడిపల్లి,
16 జూలై 2023

వాణీ,

ఒక్కరోజు కూడా, ఏంది? నిద్ర లేదా? నెమ్మది లేదా? బెల్లు సంగతి రాశావు, నిజమే. కానీ మీ వదిన ఆ కాయితం ఎండకు పట్టి చూసి, "బెల్లు గాదు ఏం గాదు, పిల్ల ఏడ్సుకుంట రాసింది, గందుకే చెయ్యి ఆగింది" అంది.

పోయిన ఆదివారం వచ్చాను. నీకు తెలుసు, నువ్వు చూశావు. వదిన సర్వపిండి చేసి డబ్బాలో పెట్టింది. పొద్దుటి గీత ముగించి, బండి మీద పదిన్నరకల్లా మీ గేటు ముందున్నాను. వాచ్‌మన్ భీమయ్య మంచోడే. "ఇయ్యాల కలిసే దినం గాదన్నా, నా నౌకరి పోతది" అన్నాడు. గేటు ఊచల్లోంచి చూస్తే నువ్వు వరండాలో కూర్చున్నావు, ఒళ్లో చాట. వాణీ అని పిలిచాను. తలెత్తావు. నన్ను చూశావు. మళ్లీ తల దించుకుని రాళ్లు ఏరావు.

పది నిమిషాలు నిలబడ్డాను. పన్నెండేళ్లు పెద్దవాణ్ని, నిన్ను సైకిలు మీద బడికి తీసుకుపోయినవాణ్ని. లేచి నాలుగడుగులు వేయడానికి నీకు పర్మిషన్ కావాలా? డబ్బా భీమయ్య చేతికిచ్చి వచ్చేశాను. వేములవాడ దాటేదాకా కోపం, ఆ తర్వాత కండ్లు కనబడక ఒకచోట బండి ఆపుకున్నాను.

నిన్ను వాళ్లు భయపెడుతుంటే చెప్పు. భయం లేకపోతే ఆ మాట కూడా చెప్పు, అప్పుడు నేనే తక్కువవాణ్నని ఊరుకుంటాను.

మహేందర్

సిరిసిల్ల,
6 ఆగస్టు 2023, ఆదివారం

అన్నా,

ముందు ఆ సగం మాట. "ఇక్కడ నాకు ఒక్కరోజు కూడా తిండికి లోటు రాలేదు, వదినను రంది పడొద్దని చెప్పు" అని రాయబోయాను. బెల్లు మోగింది. అంతే. మీరిద్దరూ నెల రోజులు ఏడవడానికి అది చాలింది. ఈసారి గడియారం చూసుకుంటూ రాస్తున్నాను.

సర్వపిండి అందరం పంచుకుని తిన్నాం. మా నలుగురిలో కేరళ పిల్ల ఒకతి నువ్వుల కోసం వేళ్లు నాకింది.

ఆ ఆదివారం సంగతి. నన్నెవరూ భయపెట్టలేదు. అది మౌనం వేళ. లేచి రావద్దని ఆ క్షణంలో నాకెవరూ చెప్పలేదు కూడా, ఎవరూ అక్కడ లేరు. నేనే లేవలేదు. నువ్వు నీలం చొక్కా వేసుకున్నావు, చెవుల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి, అవన్నీ చూశాను. తల దించుకున్నాక నాకు రాయికీ బియ్యపు గింజకూ తేడా తెలియలేదు. ఆ రోజు హాస్టల్ పిల్లలు రాళ్లన్నమే తిని ఉంటారు.

నీ దగ్గర దాచను. నియమం తప్పలేదని సంతోషం వస్తుందనుకున్నాను. రాలేదు. మఠం గుళ్లో కూర్చుని ఏడ్చాను, అంతకంటే ఏమీ లేదు. ఆ వారంలోనే మగ్గంలో చెయ్యి పడిన ఒక మనిషిని దవాఖానాకు తెచ్చారు. అరుపు మా వరండాకు వినబడింది. నేను చాట పక్కన పెట్టి లేచాను. సిస్టర్ ఆగ్నెస్, "నువ్వు కూర్చోమ్మా, అక్కడ డాక్టరమ్మ ఉంది" అంది. కూర్చున్నాను. ఏళ్ల తరబడి నేర్చుకున్న పని గోడ అవతల ఉంది, నేను ఇక్కడ రాళ్లు లెక్కబెడుతున్నాను.

సాయంత్రం ఆమెతో గట్టిగానే మాట్లాడాను. "మీ మాట వింటున్నాను, కానీ లోపల ఏమీ లేదు, ఎండిపోయింది" అన్నాను. ఆమె, "నువ్వు మంచి నర్సువని నీకు తెలుసు. నర్సువి కాకపోయినా దేవుడికి కావాలని నీకింకా తెలియదు. అది తెలిస్తే గానీ సంతోషం రాదు. రాకపోతే తలుపు తీసే ఉంది, అమ్మాయీ, ఎవరూ తప్పు పట్టరు" అంది.

అందుకే దసరా దాకా చూస్తాను. అప్పటికీ ఇట్లాగే ఉంటే ఇంటికి వస్తాను. సంతోషం లేకుండా మాట వినేదాన్ని దేవుడు మాత్రం ఏం చేసుకుంటాడు?

నా కోసం దిగులు పడకు. నీ తెల్ల వెంట్రుకలు నాకు రోజూ గుర్తొస్తున్నాయి.

నీ చెల్లె
వాణి

మేడిపల్లి,
10 సెప్టెంబర్ 2023

నా బంగారు చెల్లెకు,

మొన్నటి ఉత్తరంలో నాలుగే లైన్లు రాశావు, ఇంకా ఆలోచిస్తున్నానన్నావు. ఆలోచించు, తొందర లేదు. నేను మాత్రం నీ గదికి సున్నం వేయించాను. కిటికీకి జాలీ పెట్టించాను. జగిత్యాల హాస్పిటల్లో కూడా మాట్లాడాను, ఎప్పుడొచ్చినా తీసుకుంటామన్నారు. మీ వదిన, "అచ్చేదాక ఊకో, దిష్టి తగుల్తది" అంటోంది. ఊరుకోవడం నాతో అవుతుందా? నవ్య అయితే ఈసారి బతుకమ్మ అత్త ఎత్తు పేర్చాలంటోంది.

నువ్వు తిరిగి వస్తున్నందుకు చిన్నబుచ్చుకోవద్దు. ఓడిపోయి వస్తున్నానని అనుకోవద్దు. నీకు ఎప్పుడూ చెప్పని ఒక సంగతి చెప్తాను, అప్పుడు నీకే తేలికవుతుంది.

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు నాయన వెంట తాళ్లల్లకు పోవడం మొదలుపెట్టాను. రెండు రోజుల్లో చెట్టెక్కుతాననుకున్నాను. నాయన నాకు చెట్టెక్కే మోకు ఇవ్వలేదు, గీత కత్తి ముట్టనివ్వలేదు. ఏడాది, చెల్లె, సరిగ్గా ఒక ఏడాది, లొట్లు కడిగించాడు. రోజుకు ముప్పై కుండలు. "ముందుగాల కుండ కడుగుడు నేర్సుకో, చెట్టు యాడికి పోదు" అనేవాడు. నిన్నటి కల్లు ఒక్క చుక్క అడుగున ఉన్నా ఇవాళ్టిది పులుస్తుంది. ఆయన ఒక్కో లొట్టి ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవాడు. బాగా కడగకపోతే తిట్టడు, కొట్టడు. మాట్లాడకుండా మళ్లీ నా ముందు పెట్టేవాడు. ఆ మాట్లాడకపోవడానికే నాకు మండేది. నా తోటి వాళ్లు అప్పటికే పది చెట్లు గీస్తున్నారు. రెండుసార్లు బొంబాయి పారిపోదామనుకున్నాను.

ఒకరోజు నాయన కోరుట్ల అంగడికి పోయాడు. నేనొక్కణ్నే ఉన్నాను. ముప్పై కడిగి బోర్లించాను. పోబోతూ, ఎందుకో నేనే ఒక్కోటి వాసన చూశాను. రెండు బాగాలేవు. చూసేవాళ్లు లేరు, అడిగేవాళ్లు లేరు. కూర్చుని ఆ రెండూ మళ్లీ కడిగాను. కడుగుతుంటే నాకు తెలియకుండానే ఈల వేస్తున్నాను. ఆ రోజు నాకు చెట్టు గుర్తుకే రాలేదు. ఎక్కమంటే ఎక్కుతాను, కడగమంటే కడుగుతాను, రెండూ ఒకటే అనిపించింది. అంత హాయి మళ్లీ నా పెళ్లినాడు కూడా లేదు, ఇది మీ వదినకు చెప్పకు. తర్వాత రెండు నెలలకు నాయన మోకు నా నడుముకు తానే కట్టాడు.

ఎందుకు చెప్తున్నానంటే, మన ఇంట్లో పని చేతగాక వెనక్కి వచ్చినవాళ్లు లేరు. నీకు చేతనవుతుంది, నువ్వు వద్దనుకుని వస్తున్నావు, అంతే. తల ఎత్తుకుని రా.

నీ కోసం చూస్తున్న
అన్న

సిరిసిల్ల,
1 అక్టోబర్ 2023, ఆదివారం

అన్నా,

ఈ ఉత్తరం ఎట్లా మొదలుపెట్టాలో తెలియక పావుగంట పోగొట్టుకున్నాను. సూటిగా రాస్తాను. నేను దసరాకు రావడం లేదు. ఉంటున్నాను.

నీ ఉత్తరం వచ్చేనాటికి నా సంచీ సర్దుకునే ఉంది. లొట్ల సంగతి చదివాను. మళ్లీ చదివాను. నాలుగు నెలలుగా సిస్టర్ ఆగ్నెస్ చెప్తున్నది ఆమె మాటల్లో నాకు ఎక్కలేదు, నీ మాటల్లో ఎక్కింది. నాయన లొట్టి వాసన చూసి, మాట్లాడకుండా నీ ముందు పెట్టడం నా కళ్లకు కట్టింది. ఆయన నిన్ను తక్కువ చేయలేదు కదా. నేను ఇక్కడ ప్రతి సంచీ ఎప్పుడు అయిపోతుందా అని ఏరాను. మోకు ఎప్పుడిస్తారా అని ఏరాను.

మరునాడు చాట ఒళ్లో పెట్టుకుని, "ప్రభువా, దవాఖానా అడగను, ఈ పూట ఇదే చాలు" అన్నాను. ఏమీ కాలేదు. ఆ మరునాడు కూడా కాలేదు. రెండు వారాలకు అనుకుంటా, బెల్లు మోగింది. రోజూ సంచీ తొందరగా అయిపోవాలని బెల్లు మోగాక కూడా ఒక గుప్పెడు దొంగతనంగా ఏరి లేచేదాన్ని. ఆ రోజు గుప్పెట్లో ఉన్నవి చాటలో వదిలేసి లేచాను. గుడి దాకా నడుస్తుంటే పెదాలు వాటంతట అవే విచ్చుకున్నాయి. ప్రార్థన అంతసేపూ నవ్వు ఆపుకోలేకపోయాను. సిస్టర్ ఓరగా చూసి పాట అందుకుంది. విధేయత అంటే దేవుడు చెప్పింది చేయడం కాదు అన్నా, ఆయన దగ్గర ఉండి చేయడం. ఇంతకంటే చెప్పడం నాకు రాదు.

నీ ఉత్తరంలో ఆ భాగం సిస్టర్‌కు చదివి వినిపించాను. "మీ అన్న నాకంటే మంచి గురువు" అంది.

నీకు ఇది ఎంత నొప్పిగా ఉంటుందో తెలుసు. సున్నం వేయించిన గది కలలోకి వస్తోంది. నన్ను క్షమించమని అడగను, ఎందుకంటే నేను తప్పు చేశాననుకోవడం లేదు, కానీ నువ్వు నా మీద కోపం పెట్టుకుంటే మాత్రం నేను

మేడిపల్లి,
25 అక్టోబర్ 2023

శ్రీవాణికి,

నేనే నా చేతులతో రాసి నిన్ను అక్కడ కట్టేశాను. లొట్ల సంగతి ఎందుకు రాశానో నా బుద్ధి నాకే తెలియలేదు.

రానని రాసినా సద్దుల బతుకమ్మ నాడు కోరుట్ల బస్టాండుకు పోయాను. నాలుగు బస్సులు చూశాను. దసరా నాడు అందరూ జమ్మి ఆకు పట్టుకుని ఇంటికొచ్చారు, నీ వాటా ఆకు నా జేబులోనే ఎండిపోయింది.

మీ సిస్టర్ నన్ను గురువు అందట. నాకా పేరు వద్దు. ఇక నేను రాయను.

మహేందర్

మేడిపల్లి,
10 మార్చి 2024

వాణీ,

రాయనన్నాను. నాలుగున్నర నెలలు ఉన్నాను, అంతకంటే నాతో కాలేదు.

నవంబర్ నుంచి వచ్చిన నీ ఉత్తరాలు నాలుగు విప్పకుండా బీరువాలో పెట్టాను. విప్పితే మళ్లీ ఎక్కడ ఆశ పుడుతుందోనని. కానీ నెల మొదట్లో పోస్టుమన్ వస్తాడని, కవరు మీద నీ చేతిరాత కనబడుతుందని ఉండేది. ఈ నెల అదీ రాలేదు. ఇవాళ పదో తారీఖు. మల్లేశం మామ, "సన్నాసులల్ల గలిసినంక ఇంటోళ్లను మర్సిపోవాల్నట, గదే వాళ్ల కట్టడి" అన్నాడు. మమ్మల్ని మరచిపొమ్మని చెప్తే ఆ మాట కూడా విన్నావా?

తాళ్లు ఈసారి మంచిగా పారుతున్నాయి. పైనున్నప్పుడు గాలి చల్లగా ఉంటుంది. నీకు చెప్పాలనిపించే సంగతులు అన్నీ అక్కడే గుర్తొస్తాయి, కిందికి దిగాక చెప్పడానికి ఎవరూ ఉండరు. నవ్య పరీక్షలు పద్దెనిమిది నుంచి.

కోపం పోయింది చెల్లె. రెండు లైన్లు రాయి.

అన్న

సిరిసిల్ల,
7 ఏప్రిల్ 2024, ఆదివారం

అన్నా,

నీ ఉత్తరం నాకు ఈస్టర్ నాడు ఇచ్చారు. ఈస్టర్‌కు ముందు నలభై రోజులు తపస్సు కాలం. ఆ రోజుల్లో ఉత్తరాలు పోవు, వచ్చినవి ఇవ్వరు. ఈ సంగతి నీకు ఫిబ్రవరిలోనే రాశాను, కంగారు పడొద్దని కూడా రాశాను. ఆ ఉత్తరం నీ బీరువాలో ఉంది, విప్పు.

మిమ్మల్ని మరచిపొమ్మని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా అది నాతో కాదు. రోజూ పూజలో మొదట నీ పేరు, తర్వాత వదిన, తర్వాత నవ్య. మల్లేశం మామ పేరు కూడా ఉంది, ఇక నుంచి ఇంకొంచెం గట్టిగా చెప్తాను.

ఇప్పటికీ రాళ్లే ఏరుతున్నాను. సంతోషం రోజూ ఉంటుందనుకోకు. కొన్నాళ్లు రావడం లేదు, అయినా చాట ముందు కూర్చుంటున్నాను. వచ్చిన రోజు, అది వస్తుందని నేను కూర్చోలేదని తెలుస్తోంది. అందుకే ఎక్కువ బాగుంటోంది.

అసలు సంగతి. జూన్ పదిహేనున నా మాటపట్టు. అంటే దేవుడికి, అందరి ముందు, ఆయన మాట ప్రకారం బతుకుతానని మాట ఇవ్వడం. ఆ లోపు సిస్టర్ ఆగ్నెస్ నన్ను పిలిచి, మే నెలలో పది రోజులు ఇంటికి వెళ్లమంది. మొదట్లో ఇంటికి రావాలని ఏడ్చాను, నియమం కాదన్నారు. ఇప్పుడు కదలాలని లేదు, పొమ్మంటున్నారు. "వెళ్లి, ఆ ఇంట్లో ఉండి, నీ మనసు చూసుకో. అక్కడ ఉండిపోవాలనిపిస్తే ఉండిపో. ఇక్కడికి రావాలనిపిస్తే, వాళ్లు పంపితే రా" అంది.

మే పన్నెండున వస్తున్నాను. వదినను ఏమీ ప్రత్యేకంగా చేయొద్దను. సర్వపిండి మాత్రం చేయమను.

వాణి

మేడిపల్లి,
21 ఏప్రిల్ 2024

చెల్లె,

నాలుగు ఉత్తరాలూ విప్పాను. నవ్య చదువుతుంటే విన్నాను, నా కండ్లతో చదవడం కాలేదు.

ఏడాది నుంచి రమ్మని రాసింది నేనే. ఇప్పుడు రావద్దని రాస్తున్నదీ నేనే. ఇంటికి రాకు వాణీ.

కోపంతో అనడం లేదు. నీ ఫోను పట్టుకుని గేటు దగ్గర నిన్ను వదిలి రావడం ఒకసారి చేశాను, అది ఏంటో తెలియక చేశాను. ఈసారి తెలిసి చేయాలి. నువ్వు పది రోజులు ఈ ఇంట్లో తిరిగి, ఈ కంచంలో తిన్నాక నిన్ను పంపడం నాతో కాదు. బండి టైర్లో గాలి తీసేస్తాను. జ్వరమని పడుకుంటాను. నవ్యను నీ మీదికి ఏడ్వమని ఉసిగొల్పుతాను. నన్ను నాకు తెలుసు. నువ్వు కరిగిపోతావు, అదీ తెలుసు. తర్వాత జన్మంతా నీ మొఖం చూడలేను.

నాయన ఉంటే పంపేవాడేమో. నేను నాయనను కాను.

పదిహేనో తారీఖు మేమే వస్తాం. అక్కడ చూస్తాను.

అన్న

సిరిసిల్ల,
5 మే 2024, ఆదివారం

అన్నా,

నీ ఉత్తరం సిస్టర్ చేతిలో పెట్టాను. అది చదివితే వెళ్లొద్దంటుందని ఆశపడ్డాను, ఎందుకంటే నీకెంత భయమో నాకూ అంతే. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇలా రాసిన అన్న దగ్గరికే నువ్వు వెళ్లాలమ్మా" అంది.

కాబట్టి వస్తున్నాను. పన్నెండో తారీఖు, కోరుట్ల బస్టాండులో, పదకొండింటికి. నన్ను పంపడం నీకు రాకపోతే నీతో పోట్లాడను. పంపమని అడగను కూడా. పోయేనాడు ఒక్కటే మాట అడుగుతాను, నువ్వు ఏమంటే అది చేస్తాను. ఇది సిస్టర్ పెట్టిన నియమం కాదు. నేను దేవుడి ముందు అనుకున్నది. ఇంతకాలం పరాయివాళ్ల మాట విన్నాను, పెంచినవాడి మాట ఎందుకు వినకూడదు?

రాత్రింబవళ్లు దీని గురించే ప్రార్థిస్తున్నాను. ఏం కావాలని అడుగుతున్నానో మాత్రం నీకు చెప్పను.

వాణి

మేడిపల్లి,
26 మే 2024

నా చెల్లె శ్రీవాణికి,

నిన్ను బస్సెక్కించి ఇవాళ్టికి నాలుగో రోజు. క్షేమంగా చేరావని భీమయ్య ఫోను చేసి చెప్పాడు.

పది రోజుల్లో నేను బండి టైరు జోలికి పోలేదు. ఎందుకు పోలేదో చెప్తాను. మూడో రోజు పొద్దున నువ్వు వంటింట్లో ఎవరూ అడగకుండా బియ్యం చాటలో పోసుకుని కూర్చున్నావు. వదిన, "మనవి మిల్లు బియ్యం, రాళ్లుండయి వాణీ, ఊకో" అన్నా నవ్వి ఏరుతూనే ఉన్నావు. నేను మోకు సర్దుకుంటూ గడపలోంచి చూశాను. నీ మొఖం అట్లా చిన్నప్పుడు కూడా చూడలేదు. జగిత్యాలలో కొత్త నౌకరీ వచ్చిననాడు కూడా లేదు. అప్పుడే నాకు అర్థమైంది, అర్థం కావద్దని ఎంత అనుకున్నా.

అయినా బస్టాండు దాకా ఏమంటానో నాకే తెలియదు. నువ్వు అడిగావు, "అన్నా, పోనా?" అని. బస్సు ఇంజను ఆన్ చేసే ఉంది, జనం ఎక్కుతున్నారు. ఉండు అంటే నువ్వు ఉండేదానివి. సంచీ దించుకుని నా వెనక బండి ఎక్కేదానివి, ఒక్క మాట కూడా అనేదానివి కాదు. ఆ రెండక్షరాలు నాలుక మీదే ఉన్నాయి.

"పో బిడ్డా" అన్నాను. చెల్లెను బిడ్డా అన్నానని నాకు తర్వాత గుర్తొచ్చింది.

సాయంత్రం తాళ్లల్లకు పోయాను. పైకెక్కి, మోకుకు ఒరిగి, గీత మొదలుపెట్టకుండానే ఏడ్చాను. అక్కడ ఏడిస్తే కిందివాళ్లకు వినబడదు. అక్కడి నుంచి సిరిసిల్ల కనబడదు, నేను ఆ దిక్కే చూస్తూ ఉన్నాను. ఏడ్చినంత ఏడ్చి కండ్లు తుడుచుకుని కత్తి తీశాను. గీస్తుంటే లోపల బరువు కోసం వెతికాను. లేదు. నీ దేవుణ్ని నేనెరుగను. నాకెవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. పంపాల్సినదాన్ని పంపాను, అంతే. అయినా దిగేటప్పుడు చీకటి పడుతుంటే ఈల వేస్తూ దిగాను. కింద మల్లేశం మామ, "ఏందిరా, చెల్లె పోయిందని రంది లేదా?" అని అడిగాడు. ఉంది అన్నాను.

పదిహేనో తారీఖు ముగ్గురం వస్తాం. నీ గది తలుపు మీ వదిన మూయడం లేదు, నేనూ మూయడం లేదు. పొద్దున లేవగానే అటు చూస్తున్నాను, నువ్వు లేవు. ఇల్లు ఖాళీగా ఉంది, నాకు సంతోషంగా ఉంది. ఈ రెండూ ఒక్క మనిషిలో ఎట్లా పడతాయో మీ సిస్టర్‌ను అడిగి రాయి.

నీ అన్న
మహేందర్